పిడికెడు అంటే ఎంత?

(మైలాపూరులో మన ఉగాది సభనాడు చేసిన ప్రసంగ పాఠము)

 

పంచాంగ శ్రవణం అయినది. కవిగారల పద్యాలు అయినవి. ఎవరి ఆదాయ వ్యయాలు వారు మనసులో కూడికలు తీసివేతలు వేసుకుంటున్నారు. ఇట్టి సమయంలో నన్ను మాట్లాడమనడం మన కార్యదర్శిగారి సాహసం. భోజనాలకు ముందు మాట్లాడేవారు ఎంత క్లుప్తంగా మాట్లాడితే అంత పుణ్యమని నాకు తెలియకపోలేదు. అయితే నేను చెప్పబోయేది కూడా నోటికి సంబంధించిన సంగతే గనుక కొంచెం ఓపిక పట్టవలసిందని కోరుతున్నాను.

ఈ ఉదయం ఈ ఆవరణలో ఐదు ఇళ్ళనుంచి వచ్చిన ఉగాది పచ్చళ్ళు పెట్టారు. మీరందరూ రుచి చూశారు. ఒకరి పచ్చడి చెంచాతో తీసుకొని తినవలసి వచ్చింది. తెలంగాణానుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక సోదరి తెచ్చినది గ్లాసులలో పోసుకొని తాగాము. ఒకరు అరటిపండు కలిపారు, మరొకరు పుట్నాలపప్పు చల్లారు, ఇంకొకరు "అవేమిటమ్మా, పచ్చడిలో!" అని ముక్కుమీద వేలు వేసుకున్నారు. "ఇది తినేదా, తాగేదా?" అని చిన్న తగాదా కూడా అయినది. ఆ తగాదా తీర్చడం నావల్ల కాదు గాని, ఐదుగురినీ ఒక్క ప్రశ్న వేశాను: "ఎంత చింతపండుకు ఎన్ని నీళ్ళు పోశారు?" ఐదు ఇళ్ళ పచ్చళ్ళు ఐదు విధాలుగా ఉన్నవి గాని, ఐదుగురి జవాబు మాత్రం ఒక్కటే. "చూసి పోసుకోవాలండీ" అన్నారు.

ఈ "చూసి" అనే మాటను గురించే నేను నాలుగు ముక్కలు చెప్పదలచాను.

మన ఇళ్ళలో వంటలను గురించి వ్రాసుకొనే అలవాటు కొంత ఉన్నది. ఆవకాయ కొలతలు వ్రాసిపెట్టని ఇల్లాలు అరుదు. మన మద్రాసులోనే నివసించి, 2013లో కన్నుమూసిన మాలతీ చందూర్‌గారి "వంటలు - పిండివంటలు" పుస్తకం ఎన్నిసార్లు అచ్చయినదో, ఎందరు ఆడపిల్లలు అత్తవారింటికి చీరెసారెలతో పాటు పట్టుకుపోయారో మీకు తెలుసు. మన అరవ సోదరీమణులకు ఎస్. మీనాక్షి అమ్మాళ్‌గారి "సమైత్తు పార్" ఉన్నది. 1951లో ఈ నగరంలోనే వెలువడిన ఆ పుస్తకాన్ని నేటికీ కొంటున్నారు. కూరకు, పులుసుకు, లడ్డుకు ఆ గౌరవం దక్కింది. ఎటొచ్చీ తాగేవాటికే దక్కలేదు.

కారణం ఏమంటే, పానీయాన్ని మనం వంటగా లెక్కపెట్టము. అది "దాహానికి" ఇచ్చేది. ఎండన పడి వచ్చినవారికి అప్పటికప్పుడు కలిపి ఇస్తాము. వారు తాగి "అమ్మయ్య" అంటారు. అక్కడితో సరి. పొయ్యి వెలిగించనిదే వంట కాదనీ, చెమట పట్టనిదే పని కాదనీ మన నమ్మకం. పానకం, మజ్జిగ, అంబలి, నన్నారి, నిమ్మరసం, మామిడికాయ కాల్చి పిసికిన తియ్యని రసం, వీటినన్నిటినీ ఎవరూ వ్రాసిపెట్టలేదు. ఎవరైనా వ్రాసినా "తగినంత బెల్లం, కొంచెం మిరియాలు, సరిపడా నీళ్ళు" అని వ్రాశారు. తగినంత అంటే ఎవరికి తగినంత? సరిపడా అంటే దేనికి సరిపడా?

దీనివల్ల నష్టమేమిటని మీరు అడగవచ్చు. నా అనుభవం ఒకటి మనవి చేస్తాను.

మా అత్తగారిది కడప వైపు. పెళ్ళయి ఈ ఊరు వచ్చి, కపాలీశ్వరుని కోనేటికి కూతవేటు దూరంలో ఏబది యేళ్ళకు పైగా కాపురం చేసింది. ప్రతి యేటా మాఘమాసం వెళ్ళగానే ఆవిడ నన్నారి పాకం పట్టేది. ఆరు సీసాలు. అందులో రెండు ఇంటికి, మిగిలినవి ఇరుగుపొరుగులకు. రెండు చెంచాల పాకం, అర నిమ్మచెక్క, చల్లని కుండనీళ్ళు. ఆ గ్లాసు చేతికి ఇస్తే బయటి ఎండ గుర్తుకు వచ్చేది కాదు. నేను పాతికేళ్ళు ఆ గ్లాసు తాగాను. ఒక్కనాడు కూడా పక్కన కూర్చుని చూడలేదు. ఎప్పుడైనా అడిగితే "ఏముందే, పిడికెడు వేళ్ళు, చూసి పంచదార" అనేది. ఎప్పుడో నేర్చుకోవచ్చులే అనుకున్నాను. ఆవిడ పోయిన మరుసటి వేసవికి అలమరలో ఆరు ఖాళీ సీసాలు మిగిలినవి.

ఆ యేడు నేనే పట్టాలని బయలుదేరాను. కచేరీ రోడ్డులో డబ్బా చెట్టి కొట్టు మీకందరికీ తెలిసినదే. బాలింత మందుల దగ్గరనుంచి హోమద్రవ్యాలదాకా అక్కడ దొరకనిది లేదు. నన్నారి వేళ్ళు అడిగితే సన్నని, నల్లని వేళ్ళు పొట్లం కట్టి ఇచ్చారు. ఇంటికి తెచ్చి, కడిగి, దంచి, నీళ్ళలో వేసి అరగంట మరిగించాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. మా వారు వీధి గుమ్మంలోనే "అమ్మ వచ్చిందా యేమిటి!" అన్నారు. తీరా పాకం పట్టి తాగి చూస్తే తియ్యని నీళ్ళు! పరిమళం ఇంటినిండా ఉన్నది గాని సీసాలో లేదు.

నా దిగులు చూసి పక్కింటి మామి అసలు సంగతి చెప్పింది. ఆవిడ అరవ ఆవిడ. మా అత్తగారికీ ఆవిడకూ నలుబది యేళ్ళ స్నేహం. ఇద్దరి పెరళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే. "మీ అత్తగారు వేళ్ళను ఎప్పుడూ పొయ్యిమీద ఉడికించలేదమ్మా. నీళ్ళు కాగబెట్టి, దించి, వేళ్ళమీద పోసి మూతపెట్టేది. మరునాటి ఉదయందాకా ఆ మూత ముట్టనిచ్చేది కాదు. నేను గోడమీదనుంచి చూస్తూనే ఉండేదాన్ని" అన్నది. చూడండి, పాతికేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న నాకు తెలియని రహస్యం గోడకు అవతల ఉన్న ఆవిడకు తెలుసు.

తరువాత పుస్తకాలు చదివి కారణం తెలుసుకున్నాను. ఆ వేళ్ళలోని పరిమళ పదార్థం మనం ఐసుక్రీములలో చూసే వెనిల్లా వాసనకు జ్ఞాతి. రెండింటిలోనూ ఉండే మూలద్రవ్యాలు, వాటి పాళ్ళు ఒక్కటే, అమరిక మాత్రం వేరని రసాయన శాస్త్రజ్ఞులు చెబుతారు. అది ఆవిరితోపాటు లేచిపోయే స్వభావం గలది. మూత లేకుండా మరిగిస్తే పరిమళం వంటింటి కిటికీగుండా వెళ్ళిపోతుంది. మా అత్తగారు రసాయన శాస్త్రం చదవలేదు. కాని ఆవిడ చేతికి ఆ సంగతి తెలుసు.

రెండవ వేసవికి మామి చెప్పినట్లే చేశాను. పరిమళం నిలిచింది. కాని అప్పటికి మా వారికి చక్కెరవ్యాధి బయటపడింది గనుక పంచదార సగానికి సగం తగ్గించాను. పది రోజులైనా కాకముందే సీసాలో నురుగు పొంగి, ఒక అర్ధరాత్రి మూత ఎగిరి గోడకు కొట్టుకున్నది. దొంగలనుకొని లేచాము! అప్పుడు తెలిసింది, పాకంలో పంచదార తీపికి మాత్రమే కాదు, కాపలాకు కూడా అని. నూరు పాళ్ళ పాకంలో అరవై అయిదు పాళ్ళదాకా పంచదార ఉంటే పులియబెట్టే సూక్ష్మజీవులకు కావలసిన నీరు అందులో చిక్కదు. అంటే కిలో నీటికి సుమారు 1.8 కిలోల పంచదార అన్నమాట. పంచదార తగ్గించి చేయదలచినవారు ఏ పూటకు ఆ పూట చేసుకోవాలి గాని, సీసాలో నిలవ పెట్టరాదు.

మూడవ వేసవికి పాకం నిలిచింది, వాసన నిలిచింది. అయినా అది మా అత్తగారి నన్నారి కాదు. ఏదో ఒక గాఢత తక్కువ. ఆ సమయంలో కడప వైపునుంచి చుట్టాలొకరు వస్తూ, "పెద్దమ్మకు ఏటేటా ఇవే తెచ్చి ఇచ్చేవాళ్ళం" అని ఒక సంచి తెచ్చారు. తీరా చూద్దును గదా, అవి సన్నని వేళ్ళు కావు, బొటనవ్రేలంత లావు దుంపలు! వీటినే ఆ ప్రాంతంలో మారెడు గడ్డలంటారు. పేరు వినగానే మారేడు దళం గుర్తుకు వస్తుంది గాని, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది అడవులలో రాళ్ళ సందులలో పెరిగే తీగె. కచేరీ రోడ్డులో నేను కొన్నది సుగంధిపాల. అదీ తీగెయే. రెండూ ఒకే వృక్షకుటుంబానికి చెందినవి, రెండింటిలోనూ ఆ పరిమళ పదార్థం ఒక్కటే. రెండింటినీ జనం నన్నారి అనే అంటారు. ఒక మాట క్రింద రెండు మొక్కలు దాగి ఉన్నవి. నాకు మూడేళ్ళు పట్టింది ఆ ఒక్క ముక్క తెలియడానికి.

ఇంతటితో కథ అయిపోలేదు. ఆ దుంపలు పెరట్లో ఆరబోస్తూ ఉంటే మామి గోడమీదనుంచి తొంగిచూసి, "ఇది మాగాళి కిళంగు గదా!" అన్నది. ఆవిడ ప్రతి యేటా చలికాలంలో అదే దుంపను చెక్కు తీసి, నడిమి పుల్ల పారవేసి, ముక్కలు చేసి, మజ్జిగలో ఊరవేస్తుంది. మా ఇంటికి జాడీతో పంపేది కూడా. నలుబది యేళ్ళు గోడకు ఇటు మా అత్తగారు పానీయం చేసింది, అటు మామి ఊరగాయ పెట్టింది. దుంప ఒక్కటే, పరిమళం ఒక్కటే. ఒకరిది తెలుగు పేరు, ఒకరిది అరవ పేరు. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. మామి కంట తడిపెట్టుకొని, "చెప్పి ఉంటే ఇద్దరం కలిసి కొనుక్కొనేవాళ్ళం గదమ్మా" అన్నది.

సోదరీ సోదరులారా, నేను ఈ మాట మీ ముందు పెట్టడానికి కారణం ఇదే. మనం వలస వచ్చినవాళ్ళము. మనతోపాటు భాష తెచ్చుకున్నాము, పండుగలు తెచ్చుకున్నాము, వాటికి సభలు పెట్టుకొని కాపాడుకుంటున్నాము. కాని చేతి విద్యను తెచ్చుకొని, దానిని చేతిలోనే ఉంచి, ఆ చేతులతోపాటే పోగొట్టుకుంటున్నాము.

అట్లాగని మనకు ఈ విషయంలో సాహిత్యం లేదని కాదు. శ్రీకృష్ణదేవరాయలవారి "ఆముక్తమాల్యద" చూడండి. విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువులో ఏమి పెట్టేవాడో రాయలవారు ఎంతో ముచ్చటగా వర్ణించారు. వేసవిలో పలుచని అంబళ్ళు, చెరకురసం, కొబ్బరినీళ్ళు, పరిమళించే చన్నీళ్ళు, ఊరవేసిన మామిడి పిందెలు, నీళ్ళమజ్జిగ! పదహారవ శతాబ్దపు తెలుగు చక్రవర్తి తెలుగు పద్యంలో వర్ణించిన ఆ ఇల్లు ఎక్కడిది? అరవదేశంలోని శ్రీవిల్లిపుత్తూరుది. అంటే ఈ పానీయాల విషయంలో తెలుగిల్లు, అరవిల్లు అనే గోడ ఎప్పుడూ నడుమెత్తు గోడే! మన అంబలి వారి కూళ్. ఆడిమాసంలో ఈ మైలాపూరు అమ్మవారి గుళ్ళ ముందు కుండలతో పోసే కూళ్ తాగినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మన నీళ్ళమజ్జిగ వారి నీర్‌మోర్. పంగుని ఉత్సవంలో అరువత్తిమూవర్ ఊరేగింపునాడు మాడవీధులలో పందిళ్ళు వేసి మజ్జిగ, పానకం పోస్తూంటే ఎవరు ఏ భాషవారని అడిగేవారు లేరు. రాయలవారు మనకు జాబితా ఇచ్చారు. కాని అంబలి ఎంత పలుచగా ఉండాలో చెప్పలేదు. అది కవి పని కాదు, మన పని.

కొన్ని పానీయాలు మనం మరచిపోవడంవల్ల కాక, పాత్ర మారడంవల్ల పోయినవి. తరవాణి అనే మాట ఈ సభలో ఎందరికి తెలుసు? చేతులెత్తండి. పెద్దవారే ఎత్తారు. పూర్వం అన్నం వార్చేవారు. ఆ గంజిని మట్టికుండలో పోసి, పులియనిచ్చి, రోజూ కొంత తీస్తూ కొంత కలుపుతూ ఆ కుండను ఎడతెగకుండా నడిపేవారు. ఉదయంపూట ఆ పుల్లని తేట, అందులోని అన్నం, ఒక ఉప్పుమిరపకాయ, ఇవే పిల్లల పలహారం. ఇంటికి కుక్కరు వచ్చింది. అన్నం వార్చడం పోయింది. గంజి లేదు గనుక తరవాణి లేదు. దానిని ఎవరూ వద్దనలేదు, ఎవరూ నిషేధించలేదు. ఒక ఈల వేసే గిన్నె వచ్చి ఒక కుండను నిశ్శబ్దంగా సాగనంపింది. కుక్కరును నేను నిందించను, నా వంటింట్లోనూ రెండున్నవి. కాని ఆ కుండను నడిపినవారు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. కుండను తిరిగి తేలేకపోయినా, దానిని ఎట్లా నడిపారో వ్రాసుకోగలము గదా.

కొలత వ్రాసినంత మాత్రాన ఏమి ఒరుగుతుందని సందేహించేవారికి ఈ మైలాపూరే జవాబు చెబుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. అది ఏమిటి? కొన్ని తైలాలు, కొంత కర్పూరం, ఒక పాళం. ఆ పాళం పంతులుగారి చేతిలోనే ఉండిపోయి ఉంటే అది ఒక పెద్దమనిషి ఇంటివైద్యం అయి ఆయనతోనే పోయేది. ఏ సీసా తెరిచినా ఒకే మందు వచ్చేటట్లు కొలత నిలిపారు గనుక, దానివల్ల వచ్చిన ధనం "ఆంధ్రపత్రిక"ను పోషించింది. ఆ పత్రిక ఉగాది సంచికలు తెలుగువారికి ఒక పండుగ. ఇవాళ మనం ఉగాదికి సంచిక వేసుకుంటున్నామంటే అది వారు పెట్టిన ఒరవడే. 1937లో ఆంధ్ర, రాయలసీమ నాయకులు కూర్చుని ఒడంబడిక చేసుకున్న శ్రీబాగ్ కూడా ఇక్కడనే ఉన్న వారి గృహం. చిత్రమేమంటే, వారు పెట్టిన ఆ సంస్థే 2011లో పండ్లరసాల వ్యాపారం కూడా కొని చేపట్టింది. మనలను వ్యాపారం పెట్టమని నేను అనడం లేదు. నిలిచిన కొలత మనిషికంటే ఎక్కువ కాలం బ్రతుకుతుందని మాత్రమే మనవి చేస్తున్నాను.

సరే, ఏమి చేయాలి? మన సంఘం తరఫున ఒక పానీయాల పుస్తకం మొదలుపెడదామని నా ప్రతిపాదన. ముందు చేతివ్రాతతో ఒక పెద్ద చిట్టా. తరువాత దానిని కంప్యూటరులో ఎక్కించి, అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా ఫోనులో తెరిచి చూసుకొనేటట్లు పెడదాము. వారు వలసవచ్చినవారి పిల్లలు, మళ్ళీ వలసపోయినవారు. అర్ధరాత్రి మనకు ఫోను చేసి "అమ్మా, పానకంలో మిరియాలెన్ని?" అని అడిగేవారికి "చూసి వేసుకో" అని చెబితే వారు ఏమి చూస్తారు పాపం!

ఈ పనికి కొన్ని నియమాలు పెట్టుకోవాలి.

మొదటిది పేరు. మీ ఇంట్లో ఏమంటారో అదే వ్రాయండి. చల్ల అనేవారు చల్ల అనండి, మజ్జిగ అనేవారు మజ్జిగ అనండి. పక్కన ఏ ఊరి మాటో వ్రాయండి. అరవంలో ఏమంటారో తెలిస్తే అదీ వ్రాయండి. నన్నారి, మాగాళి కథ విన్నారు గదా.

రెండవది సరుకు. బెల్లం అంటే ఏ బెల్లం? అనకాపల్లి బెల్లం వేరు, ఇక్కడ దొరికే తాటిబెల్లం వేరు. కర్పూరం అని ఎవరూ ఊరకే వ్రాయవద్దు. పానకంలో వేసే పచ్చకర్పూరం వేరు, హారతి కర్పూరం వేరు. రెండవది తినరానిది. మొదటిదైనా బియ్యపుగింజలో సగం చాలు. తెలియని పిల్ల చదివి పొరబడితే ఆ పాపం మనది.

మూడవది కొలత. పెద్దవారిని "ఎంత?" అని అడగవద్దు, వారికి కోపం వస్తుంది. వారు వేసే ముందు ఆ పిడికిలి క్రింద ఒక పళ్ళెం పెట్టండి. తూచండి. మూడుసార్లు తూచి సగటు వ్రాయండి. నేను ఇంట్లో సరదాకు బెల్లపు పొడి తూచి చూశాను. నా పిడికెడు 60 గ్రాములు, మా కోడలిది 45, మా వారిది 90. "పిడికెడు బెల్లం" అని వ్రాసి ఉంటే మా ముగ్గురి పానకం మూడు పానకాలు అయ్యేవి. పాత పుస్తకాలలో గిద్దె, సోల, తవ్వ, మానిక అని ఉంటవి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మెట్రిక్ కొలతలకు చట్టం 1956లో వచ్చింది గనుక అంతకు ముందటి చేతివ్రాతలన్నీ ఈ లెక్కలోనే ఉంటవి. అయితే ఒక జిల్లా మానిక మరొక జిల్లా మానిక కాదు, మద్రాసు పడి వీటిలో దేనితోనూ కలియదు. ఇంట్లో ఆ పాత ఇత్తడి సోల ఉంటే, దానినిండా నీరు పోసి ఆ నీటిని కొలిచి వ్రాయండి. అది మీ ఇంటి సోల.

నాలుగవది క్రమము, గుర్తు. ఏది ముందు, ఏది వెనుక, ఎంతసేపు, ఏ పాత్రలో. అయినదని ఎట్లా తెలుస్తుంది? "వాసన మారుతుంది" అంటారు. ఏ వాసననుంచి ఏ వాసనకు? ఓపికగా అడగండి. చెడిపోయిన సారి ఎందుకు చెడిందో తప్పక వ్రాయండి. నా మూడు వేసవులూ అందులో చేరుస్తాను.

ఐదవది నిలవ. ఎన్నాళ్ళు ఉంటుంది, ఎవరు తాగరాదు. చక్కెరవ్యాధి ఉన్నవారికి పానకం పండుగ ప్రసాదంగా ఒక చెంచా చాలు. ఈ సందర్భంలోనే ఒక విన్నపం. ప్రతి పానీయం క్రిందా "సర్వరోగ నివారిణి" అని వ్రాయకండి. పెద్దలు చెప్పేవారు అని వ్రాయండి. దాహం తీర్చడమే చాలా గొప్ప గుణం. దానికి వేరే బిరుదులు అక్కరలేదు.

ఆరవది, ఎవరినుంచి నేర్చుకున్నారు. పేరు ఇష్టమైతే పేరు, లేకుంటే "మా మేనత్త, బందరు" అని చాలు. పానీయం ఏ దారిన వచ్చిందో తెలియాలి.

మాట వరసకు నేను వ్రాసుకున్న మా అత్తగారి నన్నారి పాకం చెబుతాను. ఎండిన మారెడు గడ్డల పైబెరడు 100 గ్రాములు, నడిమి పుల్ల తీసివేసినది. దానిని కచ్చాపచ్చాగా దంచి జాడీలో వేయాలి. అర లీటరు నీరు కళపెళ కాగిన తరువాత దించి, ఆ బెరడుమీద పోసి, గట్టి మూతపెట్టి 12 గంటలు ముట్టకూడదు. మరునాడు మరొక అర లీటరు నీటిలో 1.8 కిలోల పంచదార వేసి, రెండు నిమ్మకాయల రసం పిండి పాకం పట్టాలి. నిమ్మరసం రుచికే కాదు, పాకం సీసాలో గడ్డకట్టి పలుకులు కాకుండా కాపాడుతుంది. పాకం దించి గోరువెచ్చగా అయిన తరువాతనే వడగట్టిన వేళ్ళనీరు కలపాలి. తొందరపడి వేడిమీద కలిపితే మళ్ళీ పరిమళం కిటికీ దారి పడుతుంది. కాచి ఆరబెట్టిన సీసాలలో పోయాలి. ఇది అచ్చంగా ఆవిడ చేసినట్లే వచ్చిందని నేను చెప్పను. మా వారు తాగి, కొంచెం సేపు ఊరుకొని, "దగ్గరగా వచ్చింది" అన్నారు. ఆ "దగ్గరగా" అనే మాటకు నాలుగేళ్ళు పట్టింది. ఆవిడ ఉన్నప్పుడు ఒక్క ఉదయం పక్కన పీట వేసుకొని కూర్చుంటే సరిపోయేది.

ఇంకొక మాట. ఈ మారెడు గడ్డలను అడవులలో విచక్షణ లేకుండా త్రవ్వుతున్నందున మొక్క తరిగిపోతున్నది. వేరు తీస్తే తీగె పోతుంది. కనుక అవసరానికి మించి కొనవద్దు. మన పుస్తకంలో పాకం పట్టే విధం ఎంత ముఖ్యమో ఈ హెచ్చరిక కూడా అంత ముఖ్యం. మొక్కే లేని రోజున కొలత ఉండి ప్రయోజనమేమి?

ఎనిమిది రోజులలో శ్రీరామనవమి వస్తున్నది. మంగళగిరిలో పానకాల నరసింహస్వామికి బిందెలతో పానకం పోస్తారు. స్వామి కొంత పుచ్చుకొని మిగిలినది ప్రసాదంగా తిరిగి ఇస్తాడని భక్తుల విశ్వాసం. అందులో నాకు ఒక నీతి కనబడుతుంది. పుచ్చుకున్నవారు కొంత తిరిగి ఇవ్వాలి. మన పెద్దల చేతినుంచి మనం ఇన్నాళ్ళు పుచ్చుకున్నాము. మన వాటా తిరిగి ఇవ్వవలసిన సమయం వచ్చింది.

కాబట్టి నా కోరిక చిన్నది. నవమినాడు మన సంఘంలో పందిరి వేస్తాము. ప్రతి ఇంటివారూ ఒక చెంబు పానకమో, మజ్జిగో, మీకు తెలిసిన మరేదైనానో తీసుకురండి. చెంబుతోపాటు ఒక కాగితం కూడా తీసుకురండి. దానిమీద ఈ ఆరు సంగతులు వ్రాసి ఉండాలి. వ్రాయడం రానివారు మన కళాశాల పిల్లలకు చెప్పండి, వారు వ్రాసిపెడతారు. పిల్లలకు తెలుగు వ్రాత అలవాటు తప్పుతున్నదని ఏటేటా ఈ వేదికమీద బాధపడుతూనే ఉన్నాము. అమ్మమ్మ పక్కన కూర్చుని పానకం కొలత వ్రాయడంకంటె మంచి తెలుగు పాఠం నాకు తోచడం లేదు.

మా పక్కింటి మామిని కూడా పిలిచాను. ఆవిడకు ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. చెంబు మోయలేదు గనుక నేను మోసుకొస్తాను. కాగితం మాత్రం తానే అరవంలో వ్రాసి తెస్తానన్నది. మన పుస్తకంలో మొదటి పుట ఆవిడకు ఇవ్వాలని నా మనవి. గోడమీదనుంచి ఆవిడ చూసి ఉండకపోతే ఈ ప్రసంగమే లేదు.

ఇక భోజనాలకు లేవండి. విస్తరి దగ్గర మజ్జిగ వడ్డించేవారిని ఆపి, "ఇందులో అల్లం ఎంత వేశారు?" అని అడగడం మాత్రం మరచిపోకండి. "చూసి వేశాము" అంటే ఊరుకోవద్దు.

సెలవు.